సాఫ్ట్‌బాల్ లీగ్‌లో ఎంవీపీని గొడవల్లేకుండా ఎంచుకోవడం ఎలా: సీజన్ మొదలు నుంచి కప్పు ఇచ్చేదాకా

అమెరికాలో ఎండలు మొదలవగానే చాలా ఆఫీసుల్లో సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్‌కి చుట్టం లాంటి ఆట) టీమ్‌కి పేర్లు ఇవ్వమని మెయిల్ వస్తుంది, మనవాళ్ళు చిన్నప్పట్నుంచీ క్రికెట్ ఆడినవాళ్ళే కాబట్టి ధైర్యంగా పేరిచ్చేస్తారు, ఒకటి రెండు సీజన్లు గడిచేసరికి కెప్టెన్సీ నెత్తిన పడుతుంది, ఆ తర్వాత లీగ్ కమిటీలో కూర్చోబెడతారు. అక్కడ పెద్ద తలనొప్పి షెడ్యూలూ కాదు, అంపైర్ డబ్బులూ కాదు, సీజన్ చివర్లో ఎంవీపీ, అంటే మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్, కప్పు ఎవరికివ్వాలి అనేది. మామూలుగా ఏం జరుగుతుందంటే వాట్సాప్ గ్రూపులో ఎవరో మూడు పేర్లు పెడతారు, ఫ్రెండ్స్ ఎక్కువున్న వాళ్ళకి బొటనవేళ్ళు ఎక్కువ పడతాయి, కప్పు వాళ్ళింటికి వెళ్ళిపోతుంది. మిగతా వాళ్ళు పైకి చప్పట్లు కొట్టి పార్కింగ్ లాట్‌లో గొణుక్కుంటారు.

ఇక్కడ చెప్పేదంతా స్లో-పిచ్ గురించి, అంటే సాయంత్రం ఆఫీసు అయ్యాక సిటీ పార్కుల్లో లైట్ల కింద ఆడే ఆట. పది మంది ఫీల్డింగ్, ఏడు ఇన్నింగ్స్, కొట్టినవాడు నాలుగు బేసులు (నేల మీద పెట్టిన గుర్తులు) చుట్టి వస్తే ఒక పరుగు, బంతిని కింది నుంచి గుండ్రంగా పైకి ఎగరేసి వేస్తారు కాబట్టి బ్యాట్‌కి తగలడం పెద్ద విషయం కాదు, తగిలాక ఎక్కడ పడుతుందన్నదే విషయం. అందుకే ఈ ఆటలో అందరి బ్యాటింగ్ నంబర్లూ భారీగా కనిపిస్తాయి, చూసి మోసపోవడం చాలా తేలిక. నా మట్టుకు నాకు ఈ స్థాయి లీగ్‌లో ఎంవీపీ అంటే ఎక్కువ హోమ్ రన్లు (ఒక్క కొట్టుడుకే నాలుగు బేసులూ చుట్టి రావడం) కొట్టిన మనిషి కాదు, తక్కువ అవుట్లయ్యి, కష్టమైన పొజిషన్‌లో నిలబడి, ప్రతి వారం టైముకి వచ్చిన మనిషి. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు, కానీ మీ లెక్క ఏంటో ముందే రాసి పెట్టుకోండి.

1. మొదటి మ్యాచ్‌కి ముందే రూల్ రాసెయ్యండి

ఒకే ఒక్క నంబర్ మీద అవార్డు పెడితే ఏమవుతుందో 1910లోనే తేలిపోయింది. కార్ల కంపెనీ నడిపే హ్యూ చామర్స్ అనే ఆయన అమెరికా ప్రొఫెషనల్ బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో బ్యాటింగ్ సగటు ఎవరిది ఎక్కువుంటే వాళ్ళకి కారు ఇస్తానన్నాడు. డెట్రాయిట్ ఆటగాడు టై కాబ్ ముందున్నాడు, సగటు పడిపోకుండా చివరి రెండు మ్యాచ్‌లూ ఆడకుండా కూర్చున్నాడు. క్లీవ్‌ల్యాండ్ ఆటగాడు నాప్ లాజొయ్ చివరి రోజు సెయింట్ లూయిస్ మీద రెండు మ్యాచ్‌లు ఆడాడు, కాబ్ అంటే పడని సెయింట్ లూయిస్ మేనేజర్ తన థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే కుర్రాణ్ణి బాగా వెనక నిలబడమన్నాడు, లాజొయ్ ఎక్కువసార్లు బంతిని మెల్లగా ముందుకు తట్టి పరిగెత్తుకుంటూ ఆ రోజు ఎనిమిది హిట్లు (కొట్టిన బంతితో సొంతంగా బేస్ చేరడం) సంపాదించేశాడు. పెద్ద రచ్చయ్యింది, మేనేజర్ ఉద్యోగం ఊడింది, చామర్స్ చివరికి ఇద్దరికీ చెరో కారు ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. మరుసటి ఏడాది నుంచి సగటు పద్ధతి తీసేసి పత్రికల వాళ్ళ కమిటీతో ఓటు వేయించారు. పోటీ ఒక్క నంబర్ మీదైతే జనం ఆటని వదిలేసి ఆ నంబర్‌నే ఆడతారు, మీ లీగ్‌లో కారు లేకపోయినా సరే.

ఇప్పుడు మేజర్ లీగ్‌లో ఎంవీపీ ఎంచుకునే బేస్‌బాల్ రచయితల సంఘం తన బ్యాలెట్ మీదే చెప్పేస్తుంది, విలువైన ఆటగాడు అంటే దీనికి కచ్చితమైన అర్థం లేదు, టీమ్‌కి ఎంత ఉపయోగపడ్డాడు, బ్యాటింగూ ఫీల్డింగూ రెండూ, ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ప్రవర్తన, కష్టపడే తత్వం, ఇవన్నీ చూసుకోండి అని. మీరు దీన్నే కాస్త కుదించి అర పేజీలో రాసుకోవచ్చు. దాంట్లో మాత్రం ఈ మూడిటికి జవాబు ఉండాలి.

ఆఖరి స్థానంలో ఉన్న టీమ్ ఆటగాడికి ఇవ్వొచ్చా? 1987లో ఆండ్రే డాసన్ టీమ్ షికాగో కబ్స్ తన డివిజన్‌లో అట్టడుగున ఉంది, అయినా 49 హోమ్ రన్లతో ఎంవీపీ అయ్యాడు, దాని మీద వాదనలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. నేనైతే ఇవ్వొచ్చంటాను, ఎందుకంటే రిక్రియేషన్ లీగ్‌లో టీములు సమానంగా ఉండవు, ఒక ఆఫీసు నుంచి కాలేజీలో ఆడొచ్చిన వాళ్ళు ఆరుగురు వస్తారు, ఇంకో ఆఫీసు నుంచి ఎప్పుడూ గ్లవ్ తొడగని వాళ్ళు పదిమంది వస్తారు, ఆ రెండో టీమ్‌ని మోసుకొచ్చిన మనిషి తప్పేముంది అందులో?

ప్లేఆఫ్స్ లెక్కలోకి వస్తాయా రావా? రాకూడదు. ఓట్లు లీగ్ మ్యాచ్‌లు అయిపోయిన వారంలోనే వేయించెయ్యండి, లేకపోతే ఫైనల్లో ఒక్క కొట్టుడు చూసి జనం మూడు నెలలూ మర్చిపోతారు. ఫైనల్‌కి వేరే అవార్డు పెట్టుకోండి, దాన్ని ఓడిన టీమ్‌కి ఇచ్చినా నేరం కాదు, 1960 వరల్డ్ సిరీస్‌లో, అంటే మేజర్ లీగ్ ఫైనల్లో, న్యూయార్క్ యాంకీస్ ఓడిపోయినా ఎంవీపీ వాళ్ళ బాబీ రిచర్డ్‌సన్‌కే వచ్చింది.

మూడోది, అంపైర్ బయటికి పంపేసిన వాళ్ళు అర్హులా? పొద్దున్నే ఆఫీసులో మళ్ళీ మొహాలు చూసుకోవాల్సిన లీగ్ ఇది, కాబట్టి ఒక్కసారి ఎజెక్ట్ అయినా ఆ సీజన్‌కి పేరు తీసెయ్యడమే మంచిది.

2. స్కోర్‌బుక్ ఎవరు రాస్తారో తేల్చండి

ఇక్కడే సగం లీగులు చేతులెత్తేస్తాయి. ఫోన్‌లో గేమ్‌ఛేంజర్ లాంటి యాప్ వాడినా, స్పైరల్ స్కోర్‌బుక్‌లో పెన్సిల్‌తో రాసినా ఒకటే, రాసే మనిషికి హిట్‌కీ ఎర్రర్‌కీ తేడా తెలిసుండాలి. మనవాళ్ళు బుక్ పట్టుకుంటే వచ్చే చిక్కు కూడా ఇదే. క్రికెట్‌లో క్యాచ్ వదిలేస్తే బ్యాటర్‌కి పరుగులు వచ్చేస్తాయి, ఎలా వచ్చాయని ఎవరూ అడగరు. ఇక్కడ అలా కాదు, మామూలుగా ఆపాల్సిన బంతిని షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) కాళ్ళ మధ్య నుంచి వదిలేస్తే బ్యాటర్ బేస్ చేరినా అది హిట్ కాదు, బుక్‌లో ఈ6 అని రాస్తాం, ఈ అంటే ఎర్రర్, 6 అంటే షార్ట్‌స్టాప్ నంబర్. అలాగే బ్యాటర్ కొట్టిన బంతితో ఫీల్డర్ ముందున్న రన్నర్‌ని అవుట్ చేసి బ్యాటర్‌ని వదిలేస్తే అది ఫీల్డర్స్ చాయిస్, అదీ హిట్ కాదు. సొంత టీమ్ బుక్ సొంత టీమ్ మనిషే రాస్తే ఈ రెండూ మెల్లగా హిట్లుగా మారిపోతుంటాయి, చెడ్డ ఉద్దేశంతో కాదు, పక్కన బెంచీ మీద కూర్చున్నోడు "అది హిట్టే బాబూ" అని వంద సార్లు అంటాడు కాబట్టి.

దీనికి ఒకటే మందు. రెండు టీములూ రెండు బుక్కులు రాయాలి, మ్యాచ్ అయ్యాక రెండు నిమిషాలు కూర్చుని అనుమానం ఉన్నవి సరిచూసుకుని ఫోటో తీసి కమిటీకి పంపాలి. ఇద్దరూ ఒప్పుకోకపోతే ఫీల్డింగ్ టీమ్ బుక్‌లో ఉన్నదే ఖాయం. ఎర్రర్ అని ఒప్పుకుంటే పరువు పోయేది వాళ్ళదే కదా, ఒప్పుకున్నారంటే నిజమే అయ్యుంటుంది.

పక్కన ఇంకో చిన్న గుర్తు కూడా పెట్టించండి, ఆ బ్యాటింగ్ అప్పుడు రెండు టీముల మధ్య తేడా ఎంత ఉందో. పదిహేను పరుగులు ముందున్నప్పుడు అలిసిపోయిన పిచర్ మీద కొట్టిన నాలుగు హిట్లూ, ఒక్క పరుగు వెనకున్నప్పుడు ఆఖరి ఇన్నింగ్స్‌లో కొట్టిన ఒక్క సింగిలూ మొత్తం లెక్కలో ఒకేలా కలిసిపోతాయి. అయిదు పరుగుల తేడా లోపల ఉన్న బ్యాటింగ్‌కి బుక్‌లో చిన్న చుక్క పెడితే చాలు, సీజన్ చివర్లో ఆ చుక్కలే చాలా వాదనలు తీరుస్తాయి.

3. కనీసం ఎన్నిసార్లు ఆడుండాలి

మేజర్ లీగ్‌లో బ్యాటింగ్ టైటిల్‌కి టీమ్ ఆడిన ప్రతి మ్యాచ్‌కి 3.1 చొప్పున ప్లేట్ దగ్గరకి (బ్యాటింగ్‌కి) వచ్చుండాలి, 162 మ్యాచ్‌లకి 502 అవుతుంది. మీకంత అక్కర్లేదు, టీమ్ మ్యాచ్‌కి రెండు చొప్పున పెట్టుకోండి, పది మ్యాచ్‌ల సీజన్ అయితే ఇరవై. దాంతో పాటు మూడింట రెండొంతుల మ్యాచ్‌లకి హాజరై ఉండాలి అని కూడా రాయండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ రిక్రియేషన్ లీగ్‌లో మ్యాచ్ ఓడిపోయేది ఎక్కువసార్లు మనుషులు రాకే, జూలైలో సగం టీమ్ ఇండియా ట్రిప్ మీద ఉంటుంది, ఎనిమిది మంది కూడా లేక ఆడకుండానే ఓటమి ఒప్పుకుని ఫార్‌ఫీట్ ఇచ్చేసిన మ్యాచ్‌లు ఎన్ని చూడలేదు. ఎండలో, లేట్ మీటింగ్ వదిలించుకుని ప్రతి వారం వచ్చిన మనిషి విలువ ఏ సగటులోనూ కనపడదు. చివరి రెండు వారాలకి పిలుచుకొచ్చే బయటి స్టార్‌ని కూడా ఈ రూలే ఆపుతుంది.

4. బ్యాటింగ్ లెక్క

బ్యాటింగ్ సగటు ఒక్కటీ చూడొద్దు, వాక్స్‌ని (పిచర్ బంతులు సరిగ్గా పడకపోతే బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి వెళ్ళడం) అది పట్టించుకోదు, సింగిల్‌కీ హోమ్ రన్‌కీ ఒకే మార్కు వేస్తుంది. రెండు నంబర్లు చాలు. ఆన్-బేస్ అంటే వచ్చిన సార్లలో ఎన్నిసార్లు హిట్ వల్లో వాక్ వల్లో బేస్ చేరాడు అని. స్లగ్గింగ్ అంటే మొత్తం బేసులని (సింగిల్ 1, డబుల్ 2, ట్రిపుల్ 3, హోమ్ రన్ 4) వాక్స్ తీసేసిన బ్యాటింగ్ సార్లతో భాగించడం.

ఒక ఊహా లెక్క చూద్దాం. లెఫ్ట్ ఫీల్డర్ ఒకాయన 40 సార్లు వచ్చాడు, 2 వాక్స్, మిగతా 38లో 18 హిట్లు, అందులో 8 హోమ్ రన్లు, 2 డబుల్స్, 8 సింగిల్స్. ఆన్-బేస్ 20/40, అంటే .500. మొత్తం బేసులు 44, స్లగ్గింగ్ 1.158. షార్ట్‌స్టాప్ ఒకాయన కూడా 40 సార్లే వచ్చాడు, 6 వాక్స్, 34లో 22 హిట్లు, ఒక్కటే హోమ్ రన్, ఒక ట్రిపుల్, 5 డబుల్స్, 15 సింగిల్స్. ఆన్-బేస్ 28/40, అంటే .700. బేసులు 32, స్లగ్గింగ్ .941. రెండూ ఊరికే కూడితే మొదటాయన 1.658, రెండో ఆయన 1.641, అంటే మొదటాయనే వెంట్రుకవాసి ముందు. వాట్సాప్ ఓటైతే ఎనిమిది హోమ్ రన్లు చూసి ఇంకా ఆలోచించేవాళ్ళే ఉండరు.

కానీ అవుట్లు లెక్కపెట్టండి. మొదటాయన బేస్ చేరకుండా 20 సార్లు పోయాడు, రెండో ఆయన 12 సార్లు. ఏడు ఇన్నింగ్స్ మ్యాచ్‌కి టీమ్‌కి ఉండేవి 21 అవుట్లే, ఆ ఎనిమిది అవుట్ల తేడా అంటే దాదాపు మూడు ఇన్నింగ్స్. బేస్‌బాల్‌లో లెక్కలు కట్టేవాళ్ళు అందుకే ఆన్-బేస్‌ని 1.8తో గుణించి స్లగ్గింగ్‌కి కలుపుతారు. అలా చేస్తే మొదటాయనకి 2.058, రెండో ఆయనకి 2.201. స్లో-పిచ్‌కి ఆ 1.8 అచ్చంగా సరిపోతుందని కాదు, ఏ వైపు మొగ్గాలో చెప్పడానికి మాత్రం చాలు.

హోమ్ రన్ల గురించి ఇంకో మాట. చాలా లీగుల్లో మ్యాచ్‌కి టీమ్‌కి ఇన్నే హోమ్ రన్లు అని పరిమితి ఉంటుంది, అది దాటి ఫెన్స్ బయటికి కొడితే అవుట్. బేసుల మీద ఎవరూ లేనప్పుడు రెండో ఇన్నింగ్స్‌లోనే ఆ కోటా ఖర్చు పెట్టేసి, తర్వాత బేసులు నిండా మనుషులున్నప్పుడు మళ్ళీ ఫెన్స్ దాటించి అవుటై నవ్వుకుంటూ వచ్చే బ్యాటర్ ప్రతి లీగ్‌లోనూ ఒకడుంటాడు. బుక్‌లో ఆ అవుట్‌ని విడిగా రాయించండి, ఎంవీపీ టైములో బయటికి తీయొచ్చు.

5. ఫీల్డింగ్: బుక్ చెప్పనివి

ఎర్రర్లు తక్కువున్నాయని మంచి ఫీల్డర్ అనుకోవద్దు, బంతి దాకా చేరనివాడికి ఎర్రర్ ఎక్కడిది? ఇక్కడ ఎక్కువమంది కుడిచేతి బ్యాటర్లు, లాగి ఎడమవైపు కొడతారు, కాబట్టి షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్, లెఫ్ట్-సెంటర్ (వెనక ఎడమకీ మధ్యకీ నడుమ చోటు) ఈ మూడు చోట్లకే పని ఎక్కువ. ఈ మూడిట్లో సీజనంతా నిలబడిన వాళ్ళకి, బ్యాటింగ్ దగ్గరదగ్గరగా ఉంటే, మొగ్గు ఇవ్వాలి. క్రికెట్ నుంచి వచ్చిన వాళ్ళు చాలామంది లెఫ్ట్-సెంటర్‌లో బాగా రాణిస్తారు, ఎత్తు క్యాచ్‌ల కింద పరిగెత్తడం అలవాటే కదా, గ్లవ్‌తో పట్టడం మాత్రం ఒక నెల పడుతుంది.

ఫస్ట్ బేస్ మనిషి సంగతి వేరు. దూరం నుంచి నేలకి తగిలి వచ్చిన వంకర త్రోలని కాలు బేస్ మీదే ఉంచి వొంగి తీసుకోవడం వల్ల మిగతా ముగ్గురి ఎర్రర్లు ఎన్ని మాయమయ్యాయో బుక్‌లో ఎక్కడా ఉండదు, 6-3 అని (షార్ట్‌స్టాప్ నుంచి ఫస్ట్ బేస్‌కి) అవుట్ రాస్తాం అంతే. ఇది తెలుసుకోవాలంటే వాళ్ళ షార్ట్‌స్టాప్‌ని అడగండి, దాచుకోకుండా చెప్తాడు.

పిచర్‌ని పరుగులతో కొలవొద్దు, స్లో-పిచ్‌లో పరుగులు ఫీల్డర్ల దయ. వాక్స్ ఎన్ని ఇచ్చాడో చూడండి, వంపు సరిగ్గా పెట్టి ప్లేట్ మీద వేయగలిగితే పిచర్ తన పని చేసినట్టే.

6. మిక్స్‌డ్ లీగ్ అయితే

కో-ఎడ్ లీగుల్లో రెండు కప్పులు పెట్టండి, ఆడవాళ్ళకి ఒకటి మగవాళ్ళకి ఒకటి. చాలాచోట్ల బంతులే వేరు, మగవాళ్ళకి 12 అంగుళాల చుట్టుకొలత ఉన్నది, ఆడవాళ్ళకి 11 అంగుళాలది. రూల్స్ కూడా నంబర్లని వంకర చేస్తాయి. అమ్మాయికి బంతి వేయొచ్చని ముందున్న అబ్బాయికి కావాలని వాక్ ఇవ్వకుండా, అబ్బాయికి వాక్ ఇస్తే రెండు బేసులు, రెండు అవుట్లుంటే తర్వాతి అమ్మాయి బ్యాటింగ్ చేయకుండా నేరుగా ఫస్ట్ బేస్‌కి వెళ్ళిపోవచ్చు అనే రూల్ చాలా లీగుల్లో ఉంది. అలా ఊరికే వచ్చిన వాక్‌ని ఆమె ఆన్-బేస్‌లో కలపాలా వద్దా? వద్దు, విడిగా గుర్తు పెట్టి పక్కన ఉంచండి, ఎవరూ సంపాదించింది కాదు. ఒకే కప్పు పెట్టి "అందరూ సమానమే" అంటే వినడానికి బాగుంటుంది, ఏటా అది ఎవరింటికి వెళ్తుందో చూస్తే తెలిసిపోతుంది.

7. ఓటు

లెక్కలన్నీ ఒక పేజీలో పెట్టి, అర్హత ఉన్నవాళ్ళ పేర్లతో కెప్టెన్లకి పంపండి. నిర్ణయం నంబర్లకే వదిలెయ్యకండి, మొదటి స్టెప్‌లో చామర్స్ కథ ఎందుకు చెప్పానో గుర్తుందిగా. టీమ్‌కి ఒక బ్యాలెట్, టీమంతా మాట్లాడుకుని నింపాలి, ముగ్గురి పేర్లు వరుసలో రాయాలి, సొంత టీమ్ మనిషి పేరు రాయకూడదు. మొదటి స్థానానికి 5, రెండో దానికి 3, మూడో దానికి 1. మేజర్ లీగ్‌లో పది పేర్లు రాసి మొదటి దానికి 14, రెండో దానికి 9, అలా ఒకటి దాకా తగ్గిస్తారు, మీకు ముగ్గురు చాలు.

వరుస ఎందుకంటే, ఎనిమిది టీముల లీగ్‌లో ఒకతనికి మూడు మొదటి ఓట్లు వచ్చాయనుకోండి, మిగతా వాళ్ళెవరూ అతన్ని రాయలేదు. ఇంకొకతనికి రెండే మొదటి ఓట్లు, కానీ అయిదు టీములు రెండో స్థానంలో రాశాయి. ఒక్క పేరు పద్ధతిలో మొదటతనే గెలుస్తాడు, ఈ పద్ధతిలో మొదటతనికి 15, రెండో అతనికి 25. ఎదురు నిలబడి ఆడిన టీముల్లో ఏడు రెండో అతని పేరు రాశాయి, కాబట్టి అతనికే వెళ్ళాలి.

సొంత టీమ్‌కి ఓటు వద్దన్న రూల్ మీద కెప్టెన్లు మొదట గింజుకుంటారు, "మావాణ్ణి మాకంటే ఎవరు బాగా చూశారు" అంటారు. నిజమే, అందుకే ప్రతి కెప్టెన్ తన టీమ్ నుంచి ఒకరి గురించి నాలుగు లైన్లు రాసి బ్యాలెట్‌తో పాటు అందరికీ పంపొచ్చు అని వెసులుబాటు పెట్టండి. ఫస్ట్ బేస్ మనిషి వొంగి తీసిన త్రోలు, పిల్లాణ్ణి డగౌట్‌లో కూర్చోబెట్టుకుని మరీ ఆడిన ఆమె సంగతి, ఇవన్నీ ఆ నాలుగు లైన్లలోనే బయటికొస్తాయి. ఇద్దరి గురించి రాస్తానంటే ఒప్పుకోకండి.

ఓట్లు లెక్కపెట్టేవాళ్ళు లీగ్‌లో ఆడని మనిషైతే మేలు, స్కోర్‌బోర్డ్ చూసుకునే వాళ్ళో, ఎవరింట్లో వాళ్ళో. అంపైర్లకి ఓటు ఇవ్వాలని కొందరు అంటారు కానీ వాళ్ళు వారానికో ఫీల్డ్‌లో ఉంటారు, అందర్నీ సమానంగా చూసుండరు. ఓటు బదులు ఎవరి ప్రవర్తన బాగుందో ఒక మాట అడగండి, అది టై వచ్చినప్పుడు పనికొస్తుంది.

8. టై, ప్రకటన, కప్పు

ఒక్క పాయింట్ తేడాలు వస్తాయి, సిద్ధంగా ఉండండి. 1947లో టెడ్ విలియమ్స్ సగటు, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల టీమ్‌కి వచ్చిన పరుగులు) మూడిట్లోనూ లీగ్‌లో మొదటివాడు, అయినా జో డిమాజియోకి 202, ఆయనకి 201. 1979లో నేషనల్ లీగ్‌లో (మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటి) కీత్ హెర్నాండెజ్, విల్లీ స్టార్‌జెల్ సరిసమానంగా వస్తే ఇద్దరికీ ఇచ్చేశారు. మీరు ముందు మొదటి స్థానం ఓట్లు చూడండి, అదీ సమానమైతే అయిదు పరుగుల తేడా లోపల ఆన్-బేస్ చూడండి, అంటే ఆ చుక్కలు పెట్టిన బ్యాటింగ్, అప్పటికీ తేలకపోతే అంపైర్ల మాట, అదీ తేలకపోతే రెండో కప్పు కొనండి, దాని ఖర్చు రెండు డబ్బాల బంతులంత ఉండదు.

ప్రకటన ఫైనల్ రోజు మ్యాచ్‌కి ముందు చెయ్యండి, అయ్యాక చేస్తే ఓడిన టీమ్ సగం కార్లెక్కి వెళ్ళిపోయి ఉంటుంది. మొదటి ముగ్గురి పాయింట్లు చదివితే చాలు, ఎవరు ఎవరికి వేశారో బయటపెట్టొద్దు, ఎందుకంటే సోమవారం వాళ్ళంతా ఒకే కాఫీ మెషీన్ దగ్గర నిలబడాలి. బ్యాలెట్లూ స్కోర్‌బుక్ ఫోటోలూ మాత్రం వచ్చే సీజన్ రిజిస్ట్రేషన్ తెరిచేదాకా దాచండి, ఎవరైనా అనుమానంతో వస్తే వాళ్ళ టీమ్ బ్యాలెట్, వాళ్ళ సొంత నంబర్లు చూపించండి. రూల్ మార్చమని అడిగితే రాసిమ్మనండి, దాన్ని వచ్చే సీజన్ మొదటి కెప్టెన్ల మీటింగ్‌లోనే తీయాలి, మధ్యలో తీయకూడదు.